పాదలేపము చాలదు

ప్రతి సంవత్సరమును మార్గశిర మాసము ప్రవేశించుటతోడనే మన హైదరాబాదు నగరమున ఒక క్రొత్త యాత్ర ఆరంభమగుచున్నది. సుల్తాను బజారులో ఉన్నిబట్టలు కొని, నారాయణగూడ, చిక్కడపల్లులలోని మిత్రులను కూడగట్టుకొని, అశోకనగరమున పరీక్షలకు చదువుచున్నవారు సైతము నాలుగుదినములు విరామము సంపాదించుకొని, యువకులును యువతులును హిమవత్పర్వతములకు బయలుదేఱుచున్నారు. కాశీకి పోయినవాడును కాటికి పోయినవాడును సమానులని మన పెద్దలొకప్పుడు చెప్పుకొనెడివారు. నేడు ఉదయమున విమానమెక్కిన ఇరువది యేండ్ల బాలుడు మఱునాటి సాయంకాలమునకు మంచుకొండల పాదమున నిలిచియుండును. కేదారకంఠము, గుల్మార్గు, మనాలి, లడఖు అను పేర్లు మన యిండ్లలో తిరుపతి, శ్రీశైలముల పేర్లవలె వినబడుచున్నవి.

ఈ యుత్సాహమును మేము నిందింపము. దేశమును పాదచారియై చూచినవాడే దేశమును ఎఱిగినవాడు. పాకాల గ్రామమున పుట్టిన మాలావత్ పూర్ణయు, ఖమ్మము జిల్లాకు చెందిన ఆనంద్ కుమారును సాంఘిక సంక్షేమ గురుకులములలో చదువుకొనుచునే 2014 మే 25వ తేదీన ఎవరెస్టు శిఖరము నధిరోహించిరి. అప్పటికి పూర్ణకు పదునాలుగేండ్లు ఇంకను నిండలేదు. ఆ దినమున గర్వపడని తెలుగువాడు లేడు. కాని గర్వపడుట వేఱు, అనుకరించుట వేఱు. ఆ బాలబాలికలు భువనగిరి రాతికొండపై మొదట సాధన చేసి, పిమ్మట హిమాలయములలో మంచుపై శిక్షణ పొంది, తరువాతనే శిఖరమునకు పోయిరి. నేడు వారి కీర్తిని విని బయలుదేఱువారిలో వారి సాధనను అనుసరించువారు ఎందఱు? మంచు అననేమో, అది యెట్లు నిలుచునో, ఎందుకు జాఱునో తెలిసికొని పోవువారు ఎందఱు? ఇదియే మా ప్రశ్న.

మన ప్రవరాఖ్యుని కథ తెలియని తెలుగువాడుండడు. సిద్ధుడిచ్చిన పసరును పాదములకు పూసికొని అతడు క్షణములో హిమవంతమును చేరెను. కొండను చూచెను, ఆనందించెను. తిరిగి యింటికి పోవలెనన్నంతలో ఆ పసరు మంచునీటిలో కరగిపోయినదని తెలిసికొని దిక్కుతోచక నిలిచెను. పోవుటకు సాధనము దొరకినది గాని ఆ ప్రదేశపు స్వభావము అతనికి తెలియదు. నేటి విమానపు టిక్కెట్టును, ముందుగా రుసుము చెల్లించిన యాత్రాపథకమును, ఇరువదివేల రూపాయల బూట్లును అట్టి పాదలేపములే. అవి మనలను కొండవఱకు చేర్చును, కొండపై కాపాడవు.

మొదటి చిక్కు భాషలోనే కలదు. తెల్లవాఱుజామున గడ్డిపోచపై నిలిచిన బిందువు మనకు మంచు. సంక్రాంతినాడు పొలముపై క్రమ్మిన తెల్లని పొగయు మంచు. ఆకాశమునుండి దూదివలె రాలునదియు మంచు. గడ్డకట్టి రాయియైనదియు మంచే. మన ఎండదేశమునకు ఇంతకంటె అవసరము లేకపోయినది. అది మన దోషము కాదు. కాని దానివలన కలుగుచున్న అనర్థము చిన్నది కాదు. ఆకాశమునుండి మంచు కురిసినను "హిమపాతము" అని వ్రాయుచున్నాము. కొండవాలుపై పేరుకొనిన వేలకొలది టన్నుల మంచు ఒక్కపెట్టున తెగి జాఱి మనుష్యులను పూడ్చివేసినను "హిమపాతము" అనియే వ్రాయుచున్నాము. మొదటిది చూచి ఆనందింపదగినది. రెండవది చూచి పాఱిపోవుటకైనను వ్యవధి యీయనిది. రెండింటికిని ఒకే పేరు పెట్టిన భాషలో హెచ్చరిక ఎట్లు చెప్పగలము? కొండచరియ యను మాట మన కున్నది. ఘాటు రోడ్డులలో దానిని చూచియున్నాము. ఆ మాటను అనుసరించి రెండవదానిని "మంచుచరియ" యని వ్యవహరించుట మేలని మా యభిప్రాయము. ఈ వ్యాసమున మేమట్లే వ్యవహరింతుము.

ఇది విహారయాత్రికులకు మాత్రమే సంబంధించిన విషయమైనచో మేమింత దీర్ఘముగ వ్రాయము. మంచుకొండలపై తెలుగువాడు తన వినోదముకొఱకు మాత్రమే నిలిచియుండలేదు, దేశముకొఱకు నిలిచియున్నాడు. 2016 ఫిబ్రవరి 3వ తేదీన సియాచిన్ హిమానీనదముపై 19,600 అడుగుల యెత్తుననున్న సోనమ్ కాపలాస్థానము మీద బ్రహ్మాండమైన మంచుగోడ కూలినది. మద్రాసు రెజిమెంటు 19వ పటాలమునకు చెందిన పదిమంది సైనికులు దానిక్రింద పూడిపోయిరి. ఆఱుదినముల పిమ్మట లాన్సు నాయక్ హనుమంతప్ప కొప్పద్ ప్రాణములతో బయటపడినప్పుడు దేశమంతయు ఆశ్చర్యపడినది. ఫిబ్రవరి 11వ తేదీన అతడును ఢిల్లీలోని సైనిక వైద్యశాలయందు కన్నుమూసెను. ఆ పదిమందిలో ఒకడు కర్నూలు జిల్లా పార్నపల్లె గ్రామపు సిపాయి ముస్తాక్ అహమ్మద్. నల్లరేగడిలో పుట్టి తెల్లని మంచులో ప్రాణములు విడిచిన ఆ వీరుని పేరు మన పాఠశాలలలో ఎంతమంది బాలురకు తెలియును?

1984 ఏప్రిలులో మన సైన్యము సియాచిన్‌పై నిలిచిననాటినుండి శత్రువుల తుపాకులకంటె చలియు, ఎత్తును, మంచుచరియలునే ఎక్కువమందిని బలిగొన్నవి. ఆవలివైపును అట్లే జరిగినది. 2012 ఏప్రిలు 7వ తేదీన గయారి యొద్ద పాకిస్థాను శిబిరముపై చరియ విరిగిపడి నూటనలువదిమంది ఒక్క ఉదయమున పూడిపోయిరి. మొదటి ప్రపంచయుద్ధమున, 1916 డిసెంబరు 13వ తేదీన, ఆల్ప్సు పర్వతములలోని మర్మొలాదాపై ఆస్ట్రియా సైనికుల బసలమీద చరియపడి రెండువందలకు మించినవారు మరణించిరి. మంచు సరిహద్దుల నెఱుగదు, జెండాల నెఱుగదు.

"ఇదంతయు దైవికము, దీనికి మానవుడేమి చేయగలడు?" అని కొందఱు నిట్టూర్తురు. ఈ మాటనే మేము అంగీకరింపజాలము. మంచుచరియకు కారణము కలదు. ఆ కారణము చదువుకొనదగినది. పాఠకులు కొంత ఓపికతో వినవలయునని కోరుచున్నాము.

కొండవాలుపై మంచు ఒకే ముద్దగా ఉండదు. మడతకాజాలో పొరలవలె అది పొరలుపొరలుగా ఉండును. ప్రతి మంచువానయు ఒక పొర. ఒకటి గాలికి గట్టిపడినది, ఒకటి ఎండకు కరగి మరల గడ్డకట్టినది, ఒకటి పిండివలె పొడిగానున్నది. వీనిలో మిక్కిలి ప్రమాదకరమైనది అడుగుననే పుట్టును. మంచుక్రింద నేల సుమారు సున్న డిగ్రీలయొద్ద వెచ్చగా నుండును. పైగాలి అంతకంటె ఇరువది డిగ్రీలు దిగువకు పోవచ్చును. మంచు పలుచనైనకొలది, చలి తీవ్రమైనకొలది ఈ భేదము తక్కువ దూరములోనే ఇముడవలసివచ్చును. అప్పుడు అడుగుననున్న ఆవిరి పైకి ప్రాకి, మంచురేణువులను ఒకదానితోనొకటి అంటుకొనని కోణాకృతులుగా మార్చివేయును. చేతిలోనికి తీసికొనినచో అది పంచదారవలె జాఱిపోవును. దీనిని పంచదారమంచు అన్నచో మన గృహిణులకును వెంటనే బోధపడును.

ఇప్పుడు ఈ పంచదారపొరపై గాలికి గట్టిపడిన మంచు ఒక పెద్ద పలకవలె పేరుకొనినదనుకొనుడు. ఏటవాలు బల్లపై ఆవాలు చల్లి, వానిపై పలకనుంచి, పలకపై బియ్యపు బస్తాలు పేర్చుచుండుట వంటిది ఈ స్థితి. కొంతవఱకు నిలుచును; ఒక్క పిడికెడు బరువు ఎక్కువైనచో సర్వమును జాఱును. ఆ పిడికెడు బరువు తరచుగా మనుష్యుడే! మంచుచరియలలో మరణించినవారి వృత్తాంతములను పరిశీలించిన పాశ్చాత్య శాస్త్రజ్ఞులు, పదింట తొమ్మిది ప్రమాదములలో ఆ చరియను కదల్చినది చిక్కుకొనినవాడో, వాని తోటివారో యని తేల్చిరి. దైవమును నిందించుటకు ముందు మనము ఈ లెక్కను జ్ఞాపకముంచుకొనవలయును.

కొండ ఎంత నిటారుగానున్న అంత ప్రమాదమనుకొనుటయు పొరపాటే. మిక్కిలి నిటారైన గోడపై మంచు నిలువనే నిలువదు. కురిసినది కురిసినట్లు రాలిపోవును. ముప్పదినుండి నలువదియైదు డిగ్రీల వఱకునున్న వాలులే గట్టిపలకలు పేరుకొని జాఱుటకు అనువైనవి. చూచుటకు అందముగను, నడచుటకు సాధ్యముగను, జాఱుబండకు ఇంపుగను ఉండు వాలులును అవియే. క్రొత్తవాడు ఆ వాలును చూచియే ముచ్చటపడును. ఎఱిగినవాడు దానినే చూచి ఆగును.

హిమాలయమంతయు ఒకే తీరుగా నుండదు. కాశ్మీరపు పీర్ పంజాల్ శ్రేణిలో మంచు విస్తారముగ కురియును. చలి కొంత మృదువు. అచ్చట పెద్ద మంచువానల సమయముననే చరియలు ఎక్కువ. ఉత్తరముననున్న కారకోరమున మంచు పలుచన, చలి దారుణము. అచ్చట పంచదారపొర వారములకొలది పొంచియుండును. గుల్మార్గులో నేర్చిన పాఠము లడఖులో పూర్తిగా చెల్లదు. 2023 ఫిబ్రవరి 1వ తేదీన గుల్మార్గు సమీపమున ఇద్దఱు పోలెండు దేశీయులును, 2024 ఫిబ్రవరి 22వ తేదీన ఒక రష్యా దేశీయుడును మంచుపై జాఱుచు చరియలలో చిక్కి మరణించిరి. వారు మంచు నెఱుగని దేశములవారు కారు. అట్టివారికే అట్లైనచో, గోదావరి తీరమునుండియు, మూసీ తీరమునుండియు పోవువారి మాట చెప్పనేల?

కొండ హెచ్చరింపక చంపునని యనుకొనరాదు. అది తన భాషలో పలుమాఱులు చెప్పును. సమీపపు వాలుపై నిన్ననో నేడో చరియ జాఱిన గుర్తులున్నచో అది మొదటి హెచ్చరిక. అడుగు వేసినప్పుడు కాలిక్రింద "గుమ్ము" మని లోతైన శబ్దమై మంచు కొంచెము క్రుంగినచో, లోపలి పొర కూలినదని యర్థము. అడుగునుండి పగుళ్లు గీతవలె ముందునకు పాఱినచో అది మఱింత స్పష్టమైన సూచన. ఒక్క దినమున ముప్పది సెంటీమీటర్లు క్రొత్తమంచు పడినను, బలమైన గాలి ఒకవైపు మంచును ఎత్తి చాటువైపు పోసినను, చలి తగ్గి అకస్మాత్తుగ ఎండ కాసినను, ఆ వాలుపై కాలు పెట్టరాదు. మంచువాన వెలిసిన మఱునాడు ఆకాశము నిర్మలమై కొండలు వెండివలె మెఱయును. ఛాయాచిత్రములకు అంతకంటె మంచి దినము లేదు. ప్రాణములకు అంతకంటె చెడ్డదినమును లేదు. ఒకటి రెండు దినములు ఓర్చినచో క్రొత్తమంచు చాలవఱకు కుదురుకొనును. కాని సెలవులు నాలుగేయైన యువకునికి ఆ రెండు దినములు ఎచ్చటనుండి వచ్చును? కొండకు మన సెలవులతో పనిలేదని మేము వేఱుగ చెప్పనక్కఱలేదు.

పూడిపోయినవాని సంగతియు చెప్పవలసియున్నది. జాఱునప్పుడు పిండివలె ఎగసిన మంచు నిలిచిన మఱుక్షణమున సున్నపు గచ్చువలె బిగిసికొనును, చేతివ్రేలును కదలదు. పదినుండి పదునైదు నిమిషములలోపల బయటకు తీసినచో పదిమందిలో తొమ్మిదిమంది వఱకు బ్రదుకుదురు. అరగంట దాటినచో మూడవవంతు మాత్రమే మిగులుదురు. తన శ్వాసయే తన ముఖముచుట్టు మంచుపొరయై గాలి నడ్డగించును. క్రింది గ్రామమునుండి రక్షకులు వచ్చుటకు గంటలు పట్టును. కావున ప్రాణదాత పోలీసును కాడు, సైనికుడును కాడు. ప్రక్కన నడచుచున్న మిత్రుడే. అతనియొద్ద పూడినవాని జాడను తెలుపు సంకేతయంత్రమును, మంచులో గ్రుచ్చి వెదకు పొడవైన కడ్డీయు, త్రవ్వుటకు పాఱయు ఉండవలయును. మూడింటిలో ఒకటి లేకున్నను మిగిలిన రెండును వ్యర్థములు. ఆ మూడింటిని ఉపయోగించుట ముందుగా అభ్యసింపకున్న మూడును వ్యర్థములు.

దీనికి ప్రత్యుత్తరముగా కొందఱు 2022 అక్టోబరు 4వ తేదీన జరిగిన ఘోరమును చూపుదురు. ఉత్తరకాశిలోని నెహ్రూ పర్వతారోహణ సంస్థకు చెందిన శిక్షణార్థులును శిక్షకులును ద్రౌపదీ కా డాండా శిఖరము సమీపమున చరియలో చిక్కిరి. ఇరువదియేడుగురి దేహములు లభించినవి; ఇద్దఱి జాడ తెలియలేదు. ఆ సంవత్సరము మే నెలలోనే పదునాఱు దినముల వ్యవధిలో ఎవరెస్టును, మకాలూను ఎక్కిన సవితా కన్స్వాల్ ఆ మృతులలో నొకతె. "అంత యెఱిగినవారే పోయిరి, ఎఱుకవలన ఫలమేమి?" యని వీరి వాదము. ఎఱుక రక్షాబంధనము కాదని మేమును ఒప్పుకొందుము. సియాచిన్‌పై కూలినట్టి మంచుగోడలు ఎప్పుడు విఱుగునో చెప్పుట నేటికిని దుస్సాధ్యమే. కాని వైద్యుడును మరణించుచున్నాడని వైద్యమును మానుకొనుటలేదు గదా! ఎఱిగినవాడు ప్రమాదమునకు వెల కట్టి అడుగువేయును. ఎఱుగనివాడు ప్రమాదమున్నదని తెలియకయే అడుగువేయును. మొదటిది సాహసము, రెండవది అజ్ఞానము. రెండింటికిని సాహసమను పేరే పెట్టుట మాటను కించపఱచుట.

మన తీరవాసుల అనుభవమే దీనికి దృష్టాంతము. 1977 నవంబరు 19వ తేదీన దివిసీమను ముంచిన ఉప్పెన పదివేలమందికి తక్కువ కాకుండ పొట్టన పెట్టుకొన్నది. నాడును దైవికమన్నవారు కలరు. 1990 మే నెలలో అదే కోస్తాపై ప్రచండమైన తుపాను విరుచుకొనిపడినప్పుడు లక్షన్నరకు పైబడిన జనులను ముందే తరలించిరి. మరణములు వేయికి లోబడినవి. సముద్రము మారలేదు, గాలి మారలేదు, మారినది మన యెఱుక. నేడు మచిలీపట్టణమున చదువురాని జాలరియు రేవులో ఎన్నవ నెంబరు ప్రమాదసూచిక యెగురవేసిరో అడిగి, దాని యర్థమేమో తానే చెప్పును. ఆ సంఖ్యలు అతని నాలుకపై తెలుగుమాటలైనవి.

మంచుచరియలకును అట్టి సంఖ్యలు కలవు. యూరపు దేశములు 1993లో ఐదు స్థాయిల కొలమానమును ఏర్పఱచుకొనినవి. ఒకటి స్వల్పము, ఐదు అత్యధికము. ఇందు గమనింపదగిన విశేషమొకటి కలదు. మరణములలో ఎక్కువ భాగము ఐదవ స్థాయిలో కాక రెండు, మూడు స్థాయిలలో, విశేషించి మూడవదానిలో, సంభవించుచున్నవి. ఐదవ స్థాయిననాడు ఎవడును కొండ నెక్కడు. మూడన్నచో "నడిమిదే కదా" యని ధైర్యము చెప్పుకొని పోవుదురు. ఐదింట మూడు వచ్చిన పరీక్షలో గట్టెక్కితిమని సంతోషించుట అశోకనగరమున చెల్లును, మంచువాలుపై చెల్లదు.

స్విట్జర్లాండు మన రాష్ట్రములలో ఒక్కదానికంటెను చిన్నది. 1950-51 చలికాలమున ఆ దేశమున చరియలవలన దాదాపు నూరుగురు మరణించిరి. అంతకు మునుపే, 1936లో, దావోసు సమీపపు కొండపై వారు మంచును పరిశోధించుట ఆరంభించియుండిరి. నేడు చలికాలమున ఆ దేశపు సంస్థ దినమునకు రెండుమాఱులు ప్రకటన వెలువరించుచున్నది. అదియు నాలుగు భాషలలో. తన పౌరుడు ఏ భాషలో ఆలోచించునో ఆ భాషలోనే హెచ్చరించుట ప్రభుత్వధర్మమని ఆ చిన్నదేశము ఎఱుగును.

మనకు శాస్త్రజ్ఞులు లేరా? కలరు. మంచును, మంచుచరియలను అధ్యయనము చేయుటకు మనాలిలో 1969లోనే సంస్థ వెలసినది. 2020లో అది మఱియొక సంస్థతో కలసి, రక్షణ భూసమాచార పరిశోధన సంస్థయై చండీగఢునుండి పనిచేయుచున్నది. ఏ జిల్లాలో ఎంత యెత్తునకుపైన ఎంతటి ప్రమాదమున్నదో అది ముందుగానే తెలుపుచున్నది. ఆ హెచ్చరిక ఎవరి చెవిని పడుచున్నదన్నదే ప్రశ్న. 2025 ఫిబ్రవరి 28వ తేదీన బదరీనాథమునకు ఆవలి మాణా గ్రామముచెంత రోడ్డు పనివారి బసలపై చరియపడి యేబదినలుగురు చిక్కుకొనిరి, నలువదియాఱుగురిని రక్షించిరి, ఎనమండుగురు మరణించిరి. ఆ జిల్లాలో 2,400 మీటర్లకు పైనున్న ప్రాంతములకు ముందుదినమే హెచ్చరిక వెలువడియుండెను. కాగితముపై వెలువడిన హెచ్చరిక ఇనుపపెట్టెలవంటి గదులలో నిద్రించుచున్న కూలివారిని చేరుటకు, చేరినను వారిని అచ్చటనుండి కదలించుటకు ఏర్పాటు లేనిచో దానికి విలువయేమి?

ఇచ్చట మఱియొక ధర్మసూక్ష్మము కలదు. కొండపై ప్రమాదము అందఱికిని సమానముగ పంచబడదు. 2014 ఏప్రిలు 18వ తేదీన ఎవరెస్టు దక్షిణమార్గమున కుంభు మంచుపాతముపై చరియ విరిగి పదునాఱుగురు మరణించిరి. వారందఱును నేపాలు దేశపు కొండపనివారే. యజమానుల బరువులు మోయుటకు ఆ దారిలో మాటిమాటికి తిరుగవలసినవారు వారు. మన యువకుడు "నాకు భయములేదు, పదండి" యని తొందరపెట్టునప్పుడు, ముందుగా మంచుపై అడుగువేయునది వాని కాలు కాదు. దినకూలికి వచ్చిన మార్గదర్శి కాలు. తన ప్రాణమును పణముగ నొడ్డుట ఒకని యిష్టము కావచ్చును. పరుని ప్రాణమును నాలుగుదినముల సెలవుకొఱకు ఒడ్డుటకు ఎవనికిని అధికారము లేదు.

హెచ్చరిక అందకపోవుటవలన కలుగు దుఃఖము మన నగరమునకు క్రొత్తది కాదు. 2014 జూన్ 8వ తేదీన హిమాచలములోని బియాసు నదిలో, ఎగువ జలాశయమునుండి విడిచిన నీరు ముంచెత్తగా, మన హైదరాబాదు ఇంజనీరింగు విద్యార్థులు ఇరువదినలుగురు కొట్టుకొనిపోయిరి. అది మంచు కాదు, నీరు; కాని నేర్పిన పాఠమొక్కటే. కొండప్రాంతమున పైననేమి జరుగుచున్నదో క్రిందనున్న పరదేశికి తెలియదు, తెలిపెడివాడు ఉండవలయును, అతడు తెలియు భాషలో తెలుపవలయును. నాడు మన వీధులలో వినబడిన రోదనము ఇంకను మా చెవులలోనున్నది.

దీనికి కావలసిన సామగ్రి మన ముంగిటనే యున్నదని చెప్పినచో పాఠకులు ఆశ్చర్యపడుదురేమో! హిమాలయమున మంచు ఎంతవఱకు పఱచుకొనినదో, హిమానీసరస్సులు ఎచ్చట పెరుగుచున్నవో ఉపగ్రహములద్వారా కొలుచుచున్న జాతీయ దూరసంవేదన కేంద్రము మన బాలానగరముననే యున్నది. సముద్రము లేని ఈ నగరముననే సముద్ర సమాచార సేవాకేంద్రము నిలిచి, జాలరులకు వారివారి భాషలలో, తెలుగులోను, చేపల జాడను తెలుపుచున్నది. సముద్రము లేనిచోటనుండి సముద్రపు వార్తను తెలుగులో చెప్పగలిగినప్పుడు, మంచులేనిచోటనుండి మంచువార్తను తెలుగులో చెప్పలేమా? అసాధ్యమైనది కాదు, అడిగినవారు లేరు. మేము అడుగుచున్నాము.

మా కోరికలు పెద్దవి కావు. చండీగఢు సంస్థవారి ప్రకటనలను చలికాలము పొడుగున తెలుగులోనికి మార్చి ప్రచురించుటకు మన రెండు రాష్ట్రప్రభుత్వములును ఏర్పాటు చేయవలయును. చలికాలమున మంచుకొండలకు యాత్రలు నడుపువారు బయలుదేఱుటకు ముందు ఒక పూటయైనను మంచుపాఠము చెప్పక రుసుము తీసికొనరాదు. ఆపత్సాధనములు మూడును ప్రతివానికి ఇచ్చి అభ్యసింపజేయవలయును. వాతావరణము చెడినప్పుడు వెనుదిరిగినవారికి నష్టము కలుగని నియమము ముందే వ్రాసియీయవలయును. వెనుకకు తిరిగిన కారణమున డబ్బు పోవునన్న భయమే పలువురిని ముందునకు నెట్టుచున్నది. సైన్యమున చేరు తెలుగు యువకుల కొఱకు ఈ విద్యపై సులభమైన చిన్నపుస్తకము తెలుగున వెలువడవలయును.

తలిదండ్రులకును ఒక మాట. పిల్లలను ఆపవలదు; ప్రశ్నింపుడు. ఏ వాలుపై నడతురు? నేటి ప్రమాదస్థాయి యెంత? దానిని చదువుట ఎవరికి వచ్చును? మంచులో పూడినచో వెదకువాడెవడు? పరిస్థితి అనుకూలింపకున్న తిరిగివచ్చుటకు సిద్ధపడితిరా? ఈ యైదింటికి సమాధానము చెప్పలేని యాత్రకు ఉన్నికోటు కొనిపెట్టుట ప్రేమ కాదు.

సుల్తాను బజారుననే శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషానిలయము 1901నుండి నిలిచియున్నది. దానిని స్థాపించినవారిలో నొకరైన కొమర్రాజు లక్ష్మణరావుగారే 1906లో ఇదే నగరమున విజ్ఞానచంద్రికా మండలిని నెలకొల్పి, శాస్త్రములను తెలుగువారి యింటికి తెచ్చుటకు పాటుపడిరి. తెలుగున చెప్పరాని శాస్త్రము లేదని వారు ఋజువు చేసిరి. వారు వదలిన పనిలో మంచుశాస్త్రము ఒక చిన్న యధ్యాయము. చలికాలమునకు ముందు ఒక్క సాయంకాలమున, ఆ నిలయమందో, చిక్కడపల్లి గ్రంథాలయమందో, మంచుపై పనిచేసివచ్చిన మాజీ సైనికులను, పర్వతారోహకులను పిలిచి తెలుగున ఉపన్యాసము లిప్పించుటకు ఎంత వ్యయమగును? అశోకనగరమున పరీక్షలకొఱకు హిమానీనదముల పేర్లు కంఠస్థము చేయుచున్న వేలకొలది విద్యార్థులలో నూరుగురు వచ్చి విన్నను చాలును. వారిలో పదిమంది ఈ చలికాలము కొండకు పోవుదురు. ఒకనికి ఆ మాట సమయమునకు జ్ఞాపకము వచ్చును.

తెలుగువాడు మంచుకొండ నెక్కుట మానడు, మానరాదు. దేశపు ఉత్తరద్వారమున కావలియున్న తెలుగు సిపాయియు వెనుకకు రాడు. వారిద్దఱికిని మనమీయగలిగినది జయజయధ్వానము మాత్రమేనా? మరణించిన పిమ్మట పూలమాల వేయుటకంటె బయలుదేఱుటకు ముందు పాఠము చెప్పుట సులభము, చౌక, మఱియు మనుష్యధర్మము. పాదలేపము మంచునీటిలో కరగిపోవును. నేర్చిన విద్య కరగదు.